తేమ పొట్లాలు కొనొచ్చా? తిరుపతి ఎండల్లో వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తా. మరీ ఎక్కువగా ఎండిపోయిన ఆకుకి, పువ్వుకి సీసాలో వేసే ఈ తేమ పొట్లాలు మెత్తదనాన్ని తిరిగి తెస్తాయి, పోయిన వాసనని మాత్రం తేలేవు. ఈ ఒక్క ముక్క ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో వేసి ఉంటే సగం మంది కొనరు, కొన్న సగం మంది సరైన పనికి వాడుకుంటారు. నా మార్కులు 5కి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ తగ్గిందో చదివితే మీకే తెలుస్తుంది.

నేను వాడినవి బొవేడా వాళ్లవి, 62 అని ఒకటి, 58 అని ఒకటి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం కంపెనీ. చూడటానికి కాగితం సంచిలో జెల్లీ పోసి అతికించినట్టు ఉంటుంది, నొక్కితే మెత్తగా కదులుతుంది. లోపల ఉండేది నీళ్లు, లవణం. చుట్టూ ఉన్న పొర నీటి ఆవిరిని మాత్రం అటూ ఇటూ పోనిస్తుంది, నీళ్లు బయటికి కారవు. సీసాలో గాలి పొడిగా ఉంటే పొట్లం ఆవిరి వదులుతుంది, ఎక్కువ తేమగా ఉంటే లాక్కుంటుంది. 62 అంటే సీసా లోపలి గాలిలో సాపేక్ష తేమని, అంటే ఆ గాలి పట్టగలిగినంత తేమలో ఎంత ఉందో ఆ లెక్కని, 62 శాతం దగ్గర నిలబెడుతుందని అర్థం. ఇందులో మాయ ఏమీ లేదు. ఏ లవణమైనా నీళ్లలో ఇక కరగనంతగా కలిపితే దాని పైన ఉన్న గాలి ఒక ఖచ్చితమైన తేమ దగ్గర ఆగిపోతుంది. మనం కూరలో వేసే ఉప్పుకి అది 75 శాతం, మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 దగ్గర. లవణం మారిస్తే అంకె మారుతుంది, అంతే. ఇంటిగ్రా బూస్ట్ అని ఇంకో కంపెనీ లవణం బదులు గ్లిజరిన్ వాడుతుంది, పొట్లంతో పాటు ఎప్పుడు మార్చాలో చూపించే చిన్న అట్టముక్క ఇస్తుంది. ఆ అట్టముక్క ఆలోచన నాకు భలే నచ్చింది, ఎందుకో తర్వాత చెప్తా.

ఇక అసలు సంగతి. వీటి గురించి ఎక్కడ చదివినా గంజాయి గురించే ఉంటుంది. పార్శిల్ విప్పగానే మా అమ్మ అట్ట మీద ఆకుపచ్చ బొమ్మ చూసి "ఏంరా ఇది, ఎవురు పంపించినారు, పోలీసోళ్లు వస్తే ఏం చెప్తావు" అని మొదలుపెట్టింది. "తులసాకులోకమ్మా" అంటే నమ్మలేదు. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్లకి గంజాయి చట్టబద్ధం, ఉరుగ్వే 2013లోనే చట్టం చేసింది, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అనుమతి ఉంది. అక్కడ ఇంట్లో పెంచుకుని ఎండబెట్టుకునేవాళ్లకి ఇది రోజువారీ సామాను. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం ప్రకారం ఆ మొక్క పూత, కాపు భాగాలే గంజాయి, దగ్గర పెట్టుకుంటేనే నేరం. కాబట్టి ఇక్కడ ఆ పనికి అని ఎవరైనా చదువుతుంటే ఈ రివ్యూ మీకు కాదు. పొట్లంలో ఉన్నది ఉప్పునీళ్లే కాబట్టి దాన్ని కొనడానికి ఏ అడ్డూ లేదు. అలాగని సంచిలో వేసుకుని అలిపిరి తనిఖీ దగ్గరికి మాత్రం పోకండి, అక్కడ నిలబడి సాపేక్ష తేమ గురించి ఉపన్యాసం ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండదు.

మాకెందుకు కావాల్సి వచ్చిందంటే, మేం ఇంట్లో మూలికల టీ పొడులు, ఎండు పూలు చేసి తెలిసినవాళ్లకి అమ్ముతాం. తులసి, పుదీనా, నిమ్మగడ్డి, శంఖుపుష్పం, పన్నీరు గులాబీ రేకులు, కొంచెం దవనం. మిద్దె మీద నీడ పందిరి వేసి ఆరబెడతాం. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి సంగతి తెలిసిందే కదా, మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటితే నీడలో పెట్టినా ఆకు ఒక్క పూట ఎక్కువ ఉంటే చాలు, ముట్టుకుంటే పొడి. గులాబీ రేకులు డబ్బాలో పోసేలోపే చిప్స్‌లా విరుగుతాయి, అడుగున ఎర్రటి దుమ్ము మిగులుతుంది. దుమ్ము అమ్మలేం. రేకు రేకులా కనిపిస్తేనే జనం తీసుకుంటారు.

గంజాయి వాళ్ల బాధ కూడా సరిగ్గా ఇదే కావడం నాకు ఆసక్తిగా అనిపించింది. ఆ పువ్వు మీద సన్నటి నూగులాంటి తైల గ్రంథులు ఉంటాయి, వాసన, జిగురు, మత్తు పదార్థం అన్నీ వాటిలోనే. మరీ ఎండితే అవి పెళుసై రాలిపోతాయి. తులసి ఆకు మీద, పుదీనా మీద కూడా అలాంటి తైల గ్రంథులే ఉంటాయి, తులసి ఆకుని నలిపితే వచ్చే ఘాటు అవి పగిలితేనే వస్తుంది. ఇంకో సంగతి, గంజాయి వాసనలో ప్రధానంగా ఉండే మిర్సీన్ అనే తైలాంశం మన నిమ్మగడ్డిలో కూడా ఉంటుంది. అందుకే వాళ్లు రాసుకున్న జాగ్రత్తల్లో చాలా మటుకు మన ఎండు మూలికలకి కూడా సరిపోతాయి. చట్టం వేరు, రసాయన శాస్త్రం ఒకటే.

ఇప్పుడు అంకెలు, ఇక్కడే చాలామంది తికమక పడతారు. సాపేక్ష తేమ 65 దాటితే బూజుకి దారి తెరిచినట్టే. అమెరికాలో ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం సంస్థ ఎండు గంజాయి పువ్వుకి నీటి క్రియాశీలత (వాటర్ యాక్టివిటీ) 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని పెట్టింది. నీటి క్రియాశీలత అంటే భయపడకండి, మూసిన సీసాలో ఆ సరుకు పైన గాలి తేమ ఎంత దగ్గర నిలబడుతుందో దాన్ని 100తో భాగించిన అంకె అది. 0.62 అంటే 62 శాతం. 55 కింద పెళుసు, 65 పైన బూజు భయం. ఈ 58, 62 పొట్లాలు సరిగ్గా ఆ సందులో కూర్చోవడానికి చేసినవి. అదే కంపెనీ చుట్టలకి, సిగార్లకి 65 నుంచి 75 దాకా, చెక్క వాయిద్యాలకి 49 అమ్ముతుంది. పొరపాటున 72 తెచ్చి గులాబీ రేకుల్లో వేస్తే మీరు డబ్బులిచ్చి బూజు పెంచుకున్నట్టే. ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ అంకె ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి.

పొట్లంతో పాటు చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనండి. అది లేకుండా ఈ వ్యవహారమంతా గుడ్డిగా చేసేదే. అయితే చవక మీటర్లు నాలుగైదు అంకెలు అటూ ఇటూ చూపిస్తాయి, కొన్నాక పరీక్ష పెట్టాలి. ఒక సీసా మూతలో మెత్తటి ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లు పోసి తడి ఇసుకలా చేయండి, కరిగిపోయేంత నీళ్లు వద్దు. ఆ మూతని, మీటరుని ఒక గాజు సీసాలో పెట్టి గట్టిగా మూసి ఒక రాత్రి వదిలేయండి. 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటరు 4 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుని కలుపుకోవడమే. కల్లుప్పు వాడకండి, అందులో ఉండే మెగ్నీషియం లవణాల వల్ల అంకె కిందికి జారుతుంది. శుద్ధి చేసిన ప్యాకెట్ ఉప్పే ఈ పనికి మంచిది. వంటకి నేను కల్లుప్పు మనిషినే, ఇక్కడ మాత్రం ప్యాకెట్‌కే ఓటు.

వాడకం సులువు. సీసాలో మూడు వంతులు సరుకు పోసి, పైన పొట్లం పెట్టి, మూత బిగించి చల్లటి చీకటి చోట పెట్టడమే. 4 గ్రాముల పొట్లం సుమారు 14 గ్రాముల సరుక్కి, 8 గ్రాములది 28 గ్రాములకి, 67 గ్రాములది అర కిలోకి కాస్త తక్కువ సరుక్కి అని కంపెనీ లెక్క. ఆ లెక్క గంజాయి పువ్వుకి వేసింది. గులాబీ రేకులు, తులసి ఆకులు అంతకంటే తేలిక, 28 గ్రాముల రేకులంటే పెద్ద సీసా నిండుతుంది, ఆ ఖాళీ గాలినంతా కూడా పొట్లమే సరిచేయాలి. అందుకని సీసా సైజుని బట్టి ఒక మెట్టు పెద్దది వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇంకొకటి, ఇది నిదానంగా చేసే పని. పొద్దున వేసి సాయంత్రానికి మెత్తబడలేదని మూత తీసి తీసి చూస్తే ఎన్నటికీ కాదు. తీసిన ప్రతిసారీ లోపలి తేమ బయటికి, మే నెలైతే మరీ. రెండు మూడు రోజులు వదిలేసి మీటరు గాజు లోంచి చూస్తూ ఉండండి, వారం పట్టినా కంగారు వద్దు.

ఫలితాలు సరుకుని బట్టి మారాయి. పన్నీరు గులాబీ రేకులకి 58 పొట్లం అద్భుతం. చిటికెలో విరిగే రేకు వేలికి చుట్టుకునేంత మెత్తబడింది, రంగు కూడా కాస్త నిండుగా కనబడింది, ప్యాకింగ్‌లో పొడి కావడం దాదాపు ఆగిపోయింది. దవనం కూడా బాగుంది, కట్ట కట్టగా బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది, ఆకు రాలకుండా కొమ్మతో ఉంటుంది. శంఖుపుష్పం పర్వాలేదు, నీళ్లలో వేస్తే నీలం ఎలాగూ దిగుతుంది, మెత్తగా ఉన్నా గరగరలాడినా ఒకటే. తులసికి 62 వేస్తే మెత్తబడింది, కానీ తాగేవాళ్లెవరూ తేడా చెప్పలేదు, అసలు అడగలేదు కూడా. పుదీనాకి శుద్ధ దండగ. నిమ్మగడ్డి ముక్కలు అయితే పొట్లం పెట్టినా పెట్టకపోయినా పుల్లల్లాగే ఉన్నాయి, అది గడ్డి గుణం.

వాసన సంగతికి వద్దాం, మార్కులు పోయింది ఇక్కడే. ఆకు ఎండేటప్పుడు నీళ్లతో పాటు తేలికగా ఆవిరయ్యే తైలాలు కూడా గాల్లో కలుస్తాయి. మిద్దె మీద ఆరబెట్టినప్పుడు వీధి మొత్తం తులసి వాసన వస్తోందంటే ఆ మేరకి మన డబ్బాలోంచి పోయిందని లెక్క. పొట్లంలో ఉన్నది నీళ్లు, అది నీళ్లనే ఇవ్వగలదు. మెత్తబడిన రేకుని నలిపితే వాసన కొంచెం పెరిగినట్టు అనిపించే మాట నిజం, అంటే మిగిలి ఉన్న తైలం కాస్త విడుదలవుతుంది, అంతకు మించి ఆశపడొద్దు. గంజాయి పెంచేవాళ్లు కూడా చివరికి ఇదే మాటకి వస్తారు. వాళ్లు పువ్వుని 15 నుంచి 21 డిగ్రీల మధ్య, 55 నుంచి 60 శాతం తేమలో వారం నుంచి రెండు వారాలు మెల్లగా ఆరబెడతారు, తర్వాత గాజు సీసాల్లో వేసి మొదట్లో రోజూ మూత తీసి గాలి మారుస్తూ కొన్ని వారాలు మాగబెడతారు. ఈ మాగే కాలంలో పచ్చి గడ్డి వాసన, గొంతులో గరగర తగ్గుతాయి. ఆ మార్పులకి ఆకులో కొంత తేమ ఉండాలి. మొదట్లోనే అప్పడంలా ఎండబెట్టేస్తే మాగడం అక్కడే ఆగిపోతుందని, తర్వాత పొట్లం వేసి తేమ ఎక్కించినా ఆగిపోయింది పూర్తిగా మళ్లీ మొదలవదని చెబుతారు. ఇక వెలుతురు, వేడి, గాలి తగిలితే మత్తునిచ్చే టీహెచ్‌సీ కాస్తా సీబీఎన్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది, దాన్నీ ఏ పొట్లమూ వెనక్కి తిప్పదు. మన తులసిలో యూజెనాల్ అనే తైలమైనా, పుదీనాలోని తైలమైనా ఇదే బతుకు.

కాబట్టి అసలు మందు ఎండబెట్టే దగ్గరే ఉంది. ఏప్రిల్, మేలో మేం ఇప్పుడు పగలు ఆరబెట్టడం మానేశాం, సాయంత్రం పరిచి తెల్లారి ఎండ ఎక్కకముందే ఎత్తేస్తున్నాం. కొమ్మని వంచితే టప్పున విరగాలి, ఆకు మాత్రం ఇంకా పొడి కాకూడదు, అక్కడ ఆపి సీసాలో వేసి పొట్లం పెడితే అది నిలబెడుతుంది. అంటే పొట్లాన్ని మొదటి రోజు నుంచే కాపలాకి పెట్టుకుంటే పూర్తి విలువ, పాడయ్యాక వైద్యానికి పిలిస్తే సగం విలువ.

పొట్లం ఎందుకు దండగ, ఇంటి చిట్కా చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు, మా బావ అయితే అడగడంతో ఆగలేదు, కమలాపండు తొక్క వేసి చూపించాడు. గంజాయి చట్టబద్ధమైన ఆ దేశాల్లో కూడా కమలా తొక్క, ఆపిల్ ముక్క, రొట్టె ముక్క, తడి దూది వేస్తారు. పని చేస్తాయి, అబద్ధం ఎందుకు, రాత్రికి రాత్రే మెత్తబడుతుంది. కానీ ఎక్కడ ఆగాలో ఆ తొక్కకి తెలియదు. దాని లోపలి తేమ వంద శాతానికి దగ్గర్లో ఉంటుంది, పక్కనున్న ఆకు తడిసి, దూరంగా ఉన్న ఆకు అలాగే ఎండి ఉంటుంది, పైగా అంతా కమలా వాసన. తొక్కకే ముందు బూజు పడుతుంది. చిత్తూరు వైపు చెనిక్కాయలు పండించేవాళ్లకి ఈ భయం వివరించక్కర్లేదు, తడి ఆరకుండా గోతాల్లో తొక్కితే ఏమవుతుందో, అఫ్లటాక్సిన్ అని చెప్పి కొనేవాడు ఎలా వెనక్కి తిప్పుతాడో వాళ్లకి తెలుసు. ఆ విషం తయారుచేసే ఆస్పర్‌జిల్లస్ జాతి బూజులే ఎండు మూలికల మీదా, గంజాయి మీదా పడతాయి. వైద్యం కోసం గంజాయి వాడే రోగుల్లో రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ రావడానికి ఇదే కారణమని డాక్టర్లు హెచ్చరిస్తారు. మరిగే నీళ్లలో వేస్తాం కదా అంటారేమో, బూజు చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం అంత తేలిగ్గా పోదు. మా బావ సీసా మొత్తం పారబోశాం. ఆయన ఇప్పటికీ ఆ కమలాపండు బాగాలేదనే అంటాడు.

ఎండిన ఆకుకి తేమ పట్టించడం మన రైతులకి కొత్త విద్యేమీ కాదు. ప్రకాశం, నెల్లూరు వైపు పొగాకుని బ్యారన్ అనే వేడి గదిలో ఎండబెట్టాక ఆకు ముట్టుకుంటే ముక్కలయ్యేంత పెళుసుగా ఉంటుంది, అందుకని తలుపులు తెరిచి రాత్రి గాలి తగలనిస్తారు, ఆకు పదునుకొచ్చాకే దించుతారు. నీళ్లు చల్లరు, గాలిలో తేమనే తాగనిస్తారు. ఈ పొట్లం చేసేదీ అదే పని, కాకపోతే సీసాలో, ఒక అంకె దగ్గర ఆగేలాగ. ఆ ఆగడానికే మనం డబ్బులిస్తున్నాం.

నాకు ఊహించని లాభం వానాకాలంలో కనబడింది. తిరుపతికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వాన ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. ఆ నెలల్లో మా సమస్య తలకిందులవుతుంది, వంటింట్లో అప్పడాలు మెత్తబడతాయి, ఎండు పూలు చెమ్మగిల్లుతాయి. అదే 58 పొట్లం ఇప్పుడు తేమని లాక్కుంటుంది. మూత బాగా బిగిసే సీసాల్లో మీటరు 60 దాటలేదు. ఎండాకాలం ఇచ్చేది, వానాకాలం తీసుకునేది ఒకే పొట్లం కావడమే దీని అసలు గొప్ప. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు తీసుకోవడమే తప్ప ఇవ్వడం చేతకానివి, వాటిని రేకుల్లో వేస్తే ఇంకా ఎండగొట్టి చంపేస్తాయి. అయితే కారం, ధనియాల పొడి, కరివేపాకు పొడి లాంటి వాటికి సిలికా జెల్‌దే పై చేయి, అదీ తినే వస్తువుల కోసం చేసినది చూసి వేయాలి. పొడుల్లో 62 పొట్లం వేశారంటే ఉండలు కడతాయి.

సీసాల గురించి ఒక మాట. పొట్లం ఎంత మంచిదైనా మూత వదులైతే అది మీ వంటింటి గాలి మొత్తాన్ని 58కి తేవాలని చూసి పాపం ఎండిపోతుంది. స్టీలు డబ్బాలు ఈ పనికి రావు, మూత చుట్టూ సందు ఉంటుంది. ఊరగాయ జాడీలూ అంతే. పల్చటి ప్లాస్టిక్ డబ్బాల గోడల్లోంచి కూడా ఆవిరి మెల్లగా పోతుంది. లోపల రబ్బరు వలయం ఉన్న గాజు సీసాలు కొనండి, లేదా పాత హార్లిక్స్ గాజు సీసాలు ఇంట్లో ఉంటే మూత బిగుతు చూసి వాడుకోండి. ఏసీ గదిలోంచి వేడి గదిలోకి, వేడి గదిలోంచి ఏసీలోకి సీసాని తిప్పకండి. వేడి సీసాని చల్లటి చోట పెడితే గోడల లోపల చెమ్మ పట్టి పక్కనున్న రేకులు తడుస్తాయి, పొట్లం దాన్ని సర్దేలోపు మచ్చలు పడతాయి.

ధర దగ్గర నాకు కొంచెం మంటగా ఉంది. చిన్న పొట్లాలు విడిగా కొంటే ఒక్కోటి ఇద్దరు హోటల్లో కడుపునిండా టిఫిన్ తిన్నంత అవుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు నెలలు పనిచేస్తుందని కంపెనీ మాట, మాటిమాటికీ మూత తీస్తే అంతకంటే ముందే అయిపోతుంది. టీ పొడి చవకగా అమ్ముకునేవాళ్లకి ఇది గిట్టదు. గాంధీ రోడ్డు నాటు మందుల అంగళ్లలో అడిగితే నన్ను వింతగా చూశారు, ఆన్‌లైన్ తప్ప దారి లేదు. అక్కడ కూడా జాగ్రత్త. నేను మొదట తెప్పించిన చోట అమ్మినవాడు పాత సరుకు పంపాడు, బయటి కవరు పగిలి ఉంది, లోపల పొట్లాలు ఇసుక బిళ్లల్లా గట్టిగా ఉన్నాయి. పొట్లంలో గట్టి గులకలు తగిలాయంటే నీళ్లు అయిపోయి లవణం మిగిలిందని అర్థం. ఫోటో పెట్టి అడిగితే "ప్రోడక్ట్ ఇలాగే ఉంటుంది సార్" అని జవాబు, డబ్బులు వెనక్కి రావడానికి చాలా వాదించాల్సి వచ్చింది. పార్శిల్ రాగానే ప్రతి పొట్లమూ నొక్కి చూడండి, అంతా మెత్తగా ఉండాలి. ఇంకోచోట పేరూ ఊరూ లేని చవక పొట్లాలు కూడా దొరుకుతున్నాయి, 62 అని రాసినవి మా మీటరులో 70 దాకా పోయాయి. బూజు గీత ఎక్కడుందో పైన చెప్పాను కాబట్టి ఇక ఆ చవక సంగతి మీరే ఆలోచించుకోండి.

గట్టిపడిన పొట్లాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మళ్లీ వాడేవాళ్లు ఉన్నారు. కంపెనీ వద్దంటుంది. వాళ్లకి కొత్తది అమ్ముకోవాలనే ఆశ ఉండొచ్చు, కానీ కారణం కూడా సరైనదే. ఎన్ని నీళ్లు ఎక్కాయో మనకి తెలియదు, ఎక్కువైతే కొన్నాళ్లు చెప్పిన అంకె కంటే పైనే ఉంటుంది. నేను పూజ గదిలో దవనం కట్టల సీసాకి మాత్రం నానబెట్టినది వాడతాను, తాగే వాటికి వాడను. ఇక్కడే ఇంటిగ్రా వాళ్ల అట్టముక్క గుర్తొస్తుంది, పొట్లం అయిపోయిందో లేదో చేత్తో నొక్కి ఊహించుకునే బాధ ఉండదు. బొవేడా వాళ్లు కూడా అలాంటిది జతచేస్తే ఒక అర మార్కు వెనక్కి ఇచ్చేస్తా.

మరి ఎవరు కొనాలి? ఎండు పూలు, దవనం, గులాబీ రేకులు ఆకారం చెడకుండా అమ్మేవాళ్లు కళ్లు మూసుకుని 58 కొనండి. ఇంట్లో వీణో, వయొలినో ఉండి మే నెలలో చెక్క పగుళ్ల టెన్షన్ ఉన్నవాళ్లు 49 గురించి చూడండి, మా పక్కింటి సంగీతం టీచరమ్మ పెట్టెలో పెట్టుకుని హాయిగా ఉన్నారు, ఆమె నాకంటే ఎక్కువ మార్కులే ఇస్తారు. ఇంట్లో తాగడానికి నాలుగు తులసాకులు ఎండబెట్టుకునేవాళ్లు ఆ డబ్బుతో ఒక మంచి గాజు సీసా కొనుక్కోండి, ఎండ తగలని అరలో పెట్టండి, చాలు. నేను ఈసారి చిన్నవి మానేసి 67 గ్రాముల 58లు తెప్పిస్తున్నా, పెద్ద సీసాలో ఒకటి వేస్తే గ్రాముకి పడే ఖర్చు బాగా తగ్గుతోంది. తిరుపతిలో నలుగురైదుగురు కలిసి పెద్ద ప్యాక్ పంచుకుందాం అంటే కింద రాయండి, 62 కావాలా 58 కావాలా అన్నది కూడా చెప్పండి.